పచ్చ టిప్పు

గోడకు డ్రిల్లింగ్ మిషన్ ఆనించే ముందు బుల్లిబాబు టైలును వేలితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. కాస్త పక్కన తట్టాడు, మళ్ళీ విన్నాడు. బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్న నీలమ్మకు నవ్వాగలేదు.

"ఏంది సారూ, గోడకు జొరం గిట్ల వచ్చిందా?"

"లోపల బోలుగా ఉంటే స్క్రూ పట్టదండీ. నేను బిగించింది ఊడి రావడమనేది ఉండదు. గోడ పడాలి గానీ మిషన్ పడదు," అన్నాడాయన పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటూ.

హైటెక్ సిటీలో అద్దాల మేడలకు కొదవా! అలాంటి ఒక మేడలో, పై అంతస్తులో, బాత్రూముల పక్కన మాపులూ చీపుర్లూ పెట్టుకునే ఇరుకు గది అది. ఇద్దరు నిలబడితే మూడో మనిషి తలుపు బయటే. ఇన్నాళ్ళూ ఆ గదికి నీలమ్మే రాణి. పొద్దున్నే నార్సింగి నుంచి వచ్చి, నేల తుడిచే మందు, అద్దాల మందు, బాత్రూముల మందు తనే బకెట్లలో కలిపి మిగతా ఆడవాళ్ళకు ఇచ్చేది. ఆమె కొలత క్యాను మూత. మూతతో ఇంత అని పోసి, చేత్తో ఒక్క తిప్పు తిప్పి, నురగ చూసి, వాసన చూసి, "ఇగ తీస్కపోండ్రి" అనేది. నురగ పొంగిందంటే మందు సరిపోయినట్టు. ఆ లెక్కను ఎవరూ ఎప్పుడూ కాదనలేదు.

ఇప్పుడు ఆ లెక్క చూసుకోవడానికి గోడకు డబ్బా వస్తోంది. మందులు చేత్తో కలపకూడదని పైనుంచి ఆర్డరు. డబ్బా వచ్చాక ఇక తనెందుకని నీలమ్మ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. యాభై దాటిన మనిషిని ఏ ఏజెన్సీ కొత్తగా పనిలోకి తీసుకోదు, ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఫెసిలిటీ మేనేజరు రసజ్ఞ పిలిచి, "మిషన్ మీ చేతికే ఇస్తున్నాను నీలమ్మా, మీరే నేర్చుకుని చూసుకోవాలి," అన్నాక గానీ ప్రాణం కుదుటపడలేదు. రసజ్ఞ విశాఖపట్నం ఆఫీసు నుంచి ఈమధ్యే బదిలీ మీద వచ్చిన అమ్మాయి. మాట మెత్తన, పని కచ్చితం.

బుల్లిబాబు కూడా కొత్తే. కాకినాడ వైపు ఆసుపత్రుల్లో, హోటళ్ళలో ఈ డబ్బాలు బిగించి బిగించి, కంపెనీ పంపితే హైదరాబాదు వచ్చిపడ్డాడు. పనిలో నేర్పుంది, నోటికి అంతకంటే ఎక్కువ పనుంది. డ్రిల్లు దుమ్ము కింద పడకుండా కాగితం కప్పు పట్టుకుని బెజ్జాలు వేశాడు. ప్లగ్గులు కొట్టి డబ్బా తగిలించి, దాని నెత్తిన లెవెల్ పెట్టి, లోపలి బుడగ మధ్యకు వచ్చేదాకా స్క్రూలు అటూ ఇటూ తిప్పాడు. కుళాయి నుంచి నీళ్ళ పైపు కలిపి, అతుకు చుట్టూ టిష్యూ కాగితం చుట్టి, అది తడవలేదని చూసుకుని తృప్తిగా తలాడించాడు.

"బిగించడం ఎవడైనా బిగిస్తాడండీ. లెక్క కుదర్చడంలో ఉంది అసలు పని."

గీతలున్న జాడీలో చిక్కటి నేల మందు పోశాడు. డబ్బా నుంచి వేలాడే సన్న గొట్టాన్ని అందులో ముంచి బటన్ నొక్కాడు. బకెట్లోకి దూకే నీళ్ళు దారిలో జాడీలోని మందును కూడా లాక్కుపోయాయి. బకెట్ నిండాక జాడీని కళ్ళకెదురుగా ఎత్తి, ఎంత తగ్గిందో చూసి పెదవి విరిచాడు. గొట్టం చివరి నుంచి చిక్కుడు గింజంత ప్లాస్టిక్ ముక్కను గోటితో లాగేసి, పొట్లంలోంచి ఇంకో రంగుది తీసి గుచ్చాడు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ జాడీ.

"దీన్ని టిప్పు అంటారండీ. ఒక్కోదానికి ఒక్కో సైజు బెజ్జం. చిన్న బెజ్జమైతే మందు తక్కువ లాగుతుంది, పెద్దదైతే ఎక్కువ. రంగును బట్టి సైజు తెలుస్తుంది."

చివరికి నేల మందుకు నీలం టిప్పు కుదిరింది. నీలమ్మ బకెట్లో చెయ్యి పెట్టి ఒక తిప్పు తిప్పింది. మొహం చిన్నబోయింది.

"నురగేది సారూ? ఉత్త నీళ్ళ లెక్కనే ఉన్నది."

"నురగతో పనేముందండీ! మందు ఎక్కువైతే నేల శుభ్రం కాదు, జిడ్డు పేరుకుంటుంది. జిడ్డు మీద మనుషులు జారతారు. ఈ లెక్క దాటకూడదు." మిగిలిన టిప్పుల పొట్లాన్ని డబ్బాకు దారంతో కట్టి, తన ఫోన్ నంబరు ఇచ్చాడు. "టిప్పులు మాత్రం మీరు మార్చకండమ్మా. నేనే వచ్చి, కొలిచి మార్చాలి. మా కంపెనీ రూలు."

నీలమ్మ ఆయనకు అల్లం చాయ్ తెచ్చి ఇచ్చింది. చాయ్ బాగుందని ఆయన, డబ్బా బాగుందని ఆమె చెప్పుకున్నారు. ఇద్దరిలో ఒకరి మాటే మనస్ఫూర్తిగా అన్నది.

*

తేడా మధ్యాహ్నాల్లో కనిపించింది. పొద్దున బాగానే తుడుచుకుపోయే నేల, భోజనాల వేళ దాటాక మొండికేసేది. ప్యాంట్రీ ముందు సాంబారు చుక్కలు, చాయ్ మరకలు మాపుతో ఎంత రుద్దినా అలాగే ఉండేవి. తోటి పనిమనిషి సక్కుబాయి మాపు పిండుతూ, "అక్కా, నీ డబ్బా ఉత్త నీళ్ళు పోసి మనల్ని బేకూఫ్ చేస్తున్నదే," అని పకపకా నవ్వింది. తన చేతికిచ్చిన మిషన్‌ను అంత మాట అంటే నీలమ్మకు చురుక్కుమంది. ఫోన్ తీసింది.

"సారూ, నేను నీలమ్మను. డబ్బా మందు గుంజుత లేదు. జర వచ్చి చూస్తరా?"

అవతల ఒకటే హారన్ల మోత. "ఎక్కడండీ, కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఇరుక్కుపోయాను, ఇంకో సైటుకి వెళ్ళాలి. అసలు లాగట్లేదా, తక్కువ లాగుతోందా?"

"తక్కువ. నురగ జర్రంత గూడ లేదు."

"మళ్ళీ నురగేనా తల్లీ! భోజనాల టైములో అన్ని అంతస్తుల్లో కుళాయిలు తిప్పుతారు కదా, ప్రెషర్ పడిపోయుంటుంది. సరే, ఒక పని చేయండి. పొట్లంలో టిప్పులున్నాయి కదా, నేల మందుకి నీలం తీసేసి పచ్చది పెట్టండి. ఒక్క సైజు పెరుగుతుంది, సరిపోద్ది."

"పచ్చదా?"

"ఆఁ, పచ్చదే. పచ్చది పెట్టండి. రేపొచ్చి కొలిచి చూస్తాను."

నీలమ్మ పొట్లం విప్పి అరచేతిలో పోసుకుంది. ఎర్రది కాదు, తెల్లది కాదు, ఆకు రంగుది కాదు. బంతిపువ్వు రంగులో మెరుస్తున్న ముక్కను ఏరి, సారు చేసినట్టే గోటితో పాతది లాగి కొత్తది గుచ్చి, బటన్ నొక్కింది.

అబ్బ, ఏం నురగ! బకెట్ అంచు దాటి పొంగింది. గది నిండా నిమ్మకాయ వాసన గుప్పుమంది. నీలమ్మకు ఒక్కసారిగా తన పాత రోజులు తిరిగొచ్చినట్టయింది. "ఇప్పుడు రమ్మను సక్కుబాయిని," అనుకుంటూ ప్యాంట్రీ ముందు వరండా అంతా తనే తుడిచింది. సాంబారు చుక్కలు మాయమయ్యాయి. నేల తళతళలాడింది.

తుడిచి వెనక్కి తిరిగేటప్పుడు ఆమె చెప్పు సర్రున జారింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. వంగి నేల మీద వేలు రాసి చూసింది. జిడ్డు. సారు చెప్పిన మాట గుర్తుకొచ్చింది కూడా. మంచినీళ్ళతో ఇంకోసారి తుడవాలా అనుకుంది. తుడిస్తే మెరుపు పోతుంది, సక్కుబాయి ఇంకా చూడనే లేదు. ఆరితే అదే సర్దుకుంటుందిలే అనుకుని బకెట్ ఎత్తుకుంది.

జశ్వంత్ అనే కుర్రాడు పడింది ఆ తర్వాతే. నేల తడిగా ఉంటే గోడ పక్కనుంచి నడిచే జాగ్రత్తపరుడు. పాపం, నేల ఆరినట్టే కనిపించింది. కాఫీ కప్పుతో వస్తూ వస్తూ రెండు కాళ్ళూ ముందుకు తన్నేసి, కుడిచేతి మీద కూలబడ్డాడు. ఆ చప్పుడుకు నీలమ్మ పరుగున వచ్చింది. లేపబోతే, "వద్దాంటీ, ముట్టుకోకండి," అని కేకపెట్టాడు. మణికట్టు అప్పటికే పక్కకు తిరిగి ఉంది.

*

మర్నాడు పొద్దున్న రసజ్ఞ చిన్న మీటింగ్ గదిలోకి ఇద్దరినీ పిలిపించింది. టేబుల్‌కు ఒకవైపు బుల్లిబాబు. ఇంకోవైపు కూర్చోమంటే కూర్చోకుండా నిలబడే ఉంది నీలమ్మ.

"జశ్వంత్‌కి మణికట్టు విరిగింది. పై వాళ్ళు నన్ను అడుగుతున్నారు. ఆ టిప్పు ఎవరు మార్చారు?"

"నేనే మేడం. సారు చెప్తే మార్చిన."

బుల్లిబాబు ముందుకు వంగాడు. "చెప్పిన మాట నిజమేనండి మేడం. పచ్చది పెట్టమన్నాను. ఒకటికి రెండుసార్లు పచ్చది, పచ్చది అన్నాను. ఆవిడ పెట్టింది వేరేది, అంతకంటే పెద్ద బెజ్జం ఉన్నది."

నీలమ్మకు ఒళ్ళు మండింది. "వేరేది ఎందుకు పెడత సారూ? మీరు పచ్చది అన్నరు, నేను పచ్చదే పెట్టిన!"

రసజ్ఞ తన ముందున్న కాగితం పొట్లం విప్పి, గొట్టం నుంచి తీసిన టిప్పును అరచేతిలో పెట్టి చాచింది. పసుపుపచ్చగా మెరుస్తోంది. "ఇదేనా మీరు పెట్టింది?"

"ఔ మేడం."

"సరిగ్గా చూసి చెప్పండి. ఇది పచ్చదా?"

నీలమ్మ చూసింది. అంత చిన్న విషయాన్ని ఇంత పెద్ద గదిలో ఎందుకడుగుతున్నారో ఆమెకు బోధపడలేదు. "ఔ. పచ్చదే."

రసజ్ఞా బుల్లిబాబూ మొహమొహాలు చూసుకున్నారు. రసజ్ఞ నిట్టూర్చింది. కోపం కంటే జాలే ఎక్కువ ఉంది ఆ నిట్టూర్పులో. "సారీ నీలమ్మా. మీకు రంగుల తేడా తెలియదని నాకు ముందే తెలిసుంటే మిషన్ మీకిచ్చేదాన్ని కాదు. తప్పు నాదే." ఆగి, ఇంకో మాట అడిగింది. "నురగ ఎక్కువ వచ్చుంటుంది కదా? చూసి మీకు అనుమానం రాలేదా?"

"సూడలే మేడం," అనేసింది నీలమ్మ. "ఎప్పటి లెక్కనే ఉండె."

ఆ అబద్ధం ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ఇద్దరూ ఒక్కటై తనను అబద్ధాలకోరును చేస్తుంటే, ఇంకొక్క తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"ఈ పూట పని చేసి వెళ్ళండి. రేపటి నుంచి వద్దు, మీ ఏజెన్సీతో నేను మాట్లాడతాను," అంది రసజ్ఞ మెత్తగానే.

రంగులు తెలియవట! ఎర్ర గుడ్డ బాత్రూముకు, నీలం గుడ్డ అద్దాలకు అని కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ నేర్పింది తను కాదూ? నీలమ్మ ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడకుండా అద్దాలు తుడిచింది. గదిలో బుల్లిబాబు జాడీ ఎత్తి చూసుకుంటూ లెక్క మళ్ళీ కుదురుస్తున్నాడు. ఆయన్ను చూసినప్పుడల్లా, పచ్చది పెట్టమని పచ్చది పెడితే కాదంటాడా, వీడూ ఒక మనిషేనా అని లోలోపల తిట్టుకుంది. అంతలో ఆ పిల్లవాడి కేక గుర్తొస్తే తిట్లు ఆగిపోయేవి.

*

కోటూ, గుర్తింపు కార్డూ అప్పగించి వెనక గేటుకు వచ్చేసరికి అక్కడ రభస జరుగుతోంది. గేటు కాపలా బాలనర్సయ్య, ఎదురుగా హెల్మెట్ పట్టుకుని బుల్లిబాబు.

"ఏందయ్యా, క్యాబ్‌లు ఆగే జాగల బండి వెట్టి పొద్దటిసంది గాయబ్ అయినవ్! డ్రైవర్లు నా పానం తింటున్నరు."

"మీరే కదండీ ఇక్కడ పెట్టమంది! పచ్చ ప్లేటు బళ్ళన్నీ వెనకవైపే అన్నారు."

"అన్న. అయితే? నీది పచ్చ ప్లేటా?"

"కాదా మరి! ఎలక్ట్రిక్ బండండీ ఇది. కనపడట్లేదా, పచ్చ ప్లేటు?"

బాలనర్సయ్య స్కూటర్ నంబరు ప్లేటు చూశాడు. మనిషిని ఎగాదిగా చూశాడు. "కండ్లకేమైందయ్యా నీకు? గిది ఆకుపచ్చ." పక్కనున్న క్యాబ్ వెనక్కి నడిచి, దాని పసుపు రంగు ప్లేటు మీద చేత్తో టపటపా కొట్టాడు. "పచ్చ ప్లేటంటే గిది!"

బుల్లిబాబు క్యాబ్ ప్లేటు వంకా, తన స్కూటర్ ప్లేటు వంకా చూశాడు. అప్పుడు తలెత్తితే, గేటు దగ్గర సంచీ పట్టుకుని నిలబడిపోయిన నీలమ్మ కనిపించింది.

ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అయితే ఈ మనిషి అబద్ధం ఆడలేదు, అనుకుంది నీలమ్మ. పొద్దటి నుంచీ పెంచుకున్న కోపం కాస్తా కారిపోయింది. ఆయన దగ్గరకు వచ్చాడు.

"మీరు పచ్చదా అని అడిగారు కూడా," అన్నాడు మెల్లగా.

"అడిగిన. ఔ అన్నరు."

"మావైపు పచ్చ అంటే ఆకు రంగేనండీ. దాన్నేమో పసుపు అంటాం."

"పసుపంటే కూరల ఏసుకునేది గాదా సారూ?"

నవ్వొచ్చే మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆయన హెల్మెట్‌ను చేతుల్లో తిప్పుతూ ఉండిపోయాడు. ఆయన ఏం ఆలోచిస్తున్నాడో నీలమ్మకు తెలుస్తూనే ఉంది. రంగులు తెలియని మనిషిదే తప్పు అయినంతసేపూ ఆయన జోలికి ఎవరూ రారు. ఫోన్లో చెప్పి టిప్పు మార్పించావేమని అడగరు. పైకి వెళ్ళి నోరు విప్పితే మాత్రం ఆయనే వచ్చి మార్చాలన్న కంపెనీ రూలు బయటికొస్తుంది. ఈ ఊళ్ళో ఇంకా సరిగా కాలైనా ఊనని మనిషి.

"పనిల పెట్టించమని నేను అడుగుత లేను," అంది. "రంగులు తెల్వనిదాన్ని అన్నరు. గా మాట నిజం గాదని చెప్పిపోండ్రి, చాలు."

బుల్లిబాబు కాసేపు స్కూటర్ వైపు చూశాడు. తర్వాత హెల్మెట్ బాలనర్సయ్య చేతికిచ్చి, "ఇంకొంచెంసేపు ఉంచుతానండీ బండి," అని లిఫ్టు వైపు నడిచాడు. నీలమ్మ వెంట వెళ్ళింది.

*

రసజ్ఞ మొత్తం విని మొదట నమ్మలేదు. టేబుల్ మీదున్న ఆకుపచ్చ ఫైలు చూపించి ఇదేమిటని అడిగింది. "ఆకుపచ్చ" అంది నీలమ్మ. గోడకు అంటించిన పసుపు కాగితం చూపించింది. "పచ్చ." రసజ్ఞ కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"అయ్యో, మేమూ పచ్చకామెర్లు అంటాం కదా," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "కళ్ళు పసుపుగా అయితేనే అంటాం. నాకు తట్టనే లేదు."

"అదొక్కటే కాదండీ," అన్నాడు బుల్లిబాబు. "నేను వచ్చి, కొలిచి మార్చాలి. బద్ధకించి ఫోన్లో చెప్పేశాను. తప్పు నాది."

రసజ్ఞ ఆయన వైపు చూసిన చూపులో మెత్తదనం లేదు. "అయితే మీ కంపెనీతో మాట్లాడతాను. ఇక్కడికి ఇంకొకరిని పంపమంటాను." నీలమ్మ వైపు తిరిగేసరికి గొంతు మారింది. "మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. రేపు మామూలుగా వచ్చేయండి. మీ తప్పేం లేదు."

అయిపోయింది. పని నిలబడింది, మాటా నిలబడింది. వెళ్ళిపోవడమే మిగిలింది. నీలమ్మ తలుపు దాకా వెళ్ళి, తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగింది.

"మేడం, నురగ నేను సూసిన."

"ఏంటి?"

"పొద్దున సూడలే అన్న. అబద్ధం చెప్పిన. బకెట్ మీదికెళ్ళి పొంగింది, సూసిన. నా చెప్పు గూడ జారింది. జిడ్డు అయితదని సారు ముందే చెప్పి ఉండె. మంచిగ మెరుస్తున్నదని ఊకున్న."

బుల్లిబాబు వద్దన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తి దించేశాడు.

"ఇప్పుడెందుకు చెప్తున్నారు నీలమ్మా?" అంది రసజ్ఞ. ఆమె నిజంగానే అర్థంకాక అడిగింది.

"మీరు తప్పేం లేదన్నరు గదా, అందుకు. ఉంచుకుంటరో తీసేస్తరో మీ ఇష్టం. కానీ తెల్వక చేసిన అనకుండ్రి. తెలిసే ఊకున్న అనుండ్రి."

రసజ్ఞ టేబుల్ మీది ఫైలు పక్కకు జరిపింది. "రేపు రండి," అంది చివరికి. "ఇద్దరూ రండి. ఎవరికి ఏం చెప్పాలో నాకు రాత్రికి ఆలోచించుకోవాలి."

బయట లిఫ్టు కోసం నిలబడ్డారు. బుల్లిబాబు ఉండబట్టలేకపోయాడు. "ఎందుకు చెప్పారండీ? గండం గడిచిపోయింది కదా. ఆవిడకు ఎప్పటికీ తెలిసేది కాదు."

నీలమ్మ ప్యాంట్రీ వైపు చూసింది. వరండా ఆరిపోయి ఉంది, ఎవరో ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ దాని మీద నడిచి వెళ్తున్నారు.

"పొద్దటిసంది మనం రంగుల ముచ్చటే మాట్లాడుతున్నం సారూ," అంది. "ఆ పిలగాని చెయ్యి ఇరిగింది."